సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్: కాలేజీకి దారి వేసిన బడి

1848వ సంవత్సరంలో ఢిల్లీ నగరంలో ఒక చిన్న పుస్తకం వెలువడింది. భూమి కదలదనీ, సూర్యుడే దాని చుట్టూ తిరుగుతాడనీ ఆ పుస్తకం గట్టిగా వాదించింది. యూరప్‌లో ఆ విషయం ఎప్పుడో తేలిపోయింది. అక్కడ ఖగోళ శాస్త్రజ్ఞులు అంతకు రెండేళ్ల క్రితమే, 1846లో, లెక్కలు కట్టి నెప్ట్యూన్ గ్రహాన్ని కనిపెట్టారు. ఇక్కడ మాత్రం మంచి కుటుంబంలో పుట్టి, గణితం నేర్చి, కంపెనీ ప్రభుత్వ న్యాయస్థానంలో మున్సిఫుగా ఉన్న ముప్పై ఏళ్ల యువకుడు భూమి కదలదని రాశాడు. ఆ యువకుడి పేరు సయ్యద్ అహ్మద్ ఖాన్.

ఆశ్చర్యపడకండి. ఆ తర్వాత అలీగఢ్‌లో కాలేజీ స్థాపించి, సైన్సు చదవండి, లెక్కలు చదవండి అని ఊరూరా తిరిగి చెప్పిన సర్ సయ్యద్ ఆయనే. తాను రాసింది తప్పని తెలుసుకున్నాక ఆయన దాన్ని పట్టుకుని వేలాడలేదు, అభిప్రాయం మార్చుకున్నారు. ఆయన జీవితాన్ని మనం ఈ చిన్న పుస్తకంతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. తెలివికి ఆయనకు లోటు లేదు, చదువు మీద ప్రేమకూ లోటు లేదు. లోటల్లా ఒక్కటే. పసితనంలో, చదువు ఒంటబట్టే వయసులో, కొత్త శాస్త్రాన్ని ఆయన ముందు పెట్టిన బడి లేదు. తనకు లేని ఆ బడిని తర్వాతి తరం పిల్లలకు కట్టి ఇవ్వడమే ఆయన జీవితమంతా చేసిన పని అని మేము అనుకుంటున్నాం.

తాతగారి లెక్కలు, అమ్మగారి క్రమశిక్షణ

సయ్యద్ అహ్మద్ 1817 అక్టోబరు 17న ఢిల్లీలో జన్మించారు. మొగల్ సామ్రాజ్యం అప్పటికి పేరుకు మాత్రమే మిగిలింది. తండ్రి మీర్ ముత్తఖీ దైవచింతన గల మనిషి. పిల్లవాడు పెరిగింది ఎక్కువగా తల్లి వైపు వారింట్లోనే. అమ్మగారి తండ్రి ఖ్వాజా ఫరీదుద్దీన్ గణితంలో, ఖగోళంలో దిట్ట. కొంతకాలం కలకత్తా మద్రసాకు పర్యవేక్షకులుగా పనిచేసి, ఆ తర్వాత మొగల్ చక్రవర్తి రెండవ అక్బర్ షాకు మంత్రిగా ఉన్నారు. మేనమామ జైనుల్ ఆబిదీన్ కూడా గణితజ్ఞుడే. సయ్యద్ అహ్మద్ లెక్కలు నేర్చుకున్నది ఈ మేనమామ దగ్గరే.

తల్లి అజీజున్నిసా బేగం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కొడుక్కి తొలి పాఠాలు ఆమే చెప్పారు, రోజూ పాఠం అప్పగించుకున్నారు. ఆమె ఎలాంటి తల్లో చెప్పే సంఘటన ఒకటుంది. పదకొండు పన్నెండేళ్ల వయసులో సయ్యద్ అహ్మద్ ఇంట్లో పనిచేసే ఒక ముసలి నౌకరును కొట్టాడు. సంగతి తెలిసి ఆమె కొడుకును ఇంట్లోంచి వెళ్లగొట్టారు. పిల్లవాడు పిన్నమ్మగారింట్లో మూడు రోజులు దాక్కున్నాడు. చివరకు ఆ నౌకరు ముందు చేతులు జోడించి క్షమాపణ అడిగాకే తల్లి గడప తొక్కనిచ్చింది. పేదవాడి గౌరవం కూడా గౌరవమేనని ఆ ఇంట్లో నేర్పిన పాఠం ఆయన చివరిదాకా మరచిపోలేదు.

అయినా క్రమమైన చదువు త్వరగానే ఆగిపోయింది. 1838లో తండ్రి మరణించారు, ఇల్లు గడవాల్సి వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ల యువకుడు కంపెనీ న్యాయస్థానంలో చిన్న ఉద్యోగంలో చేరాడు. 1841లో మున్సిఫ్ అయ్యాడు. పగలు కోర్టు, రాత్రి పుస్తకాలు. 1847లో ఢిల్లీ పురాతన కట్టడాల మీద ఆయన రాసిన అసారుస్సనాదీద్ అనే గ్రంథం వెలువడింది. కుతుబ్ మీనార్ ఎత్తున ఉన్న శాసనాలు చదవడానికి బుట్టలో కూర్చుని తాళ్లతో వేలాడిన మనిషి ఆయన. ఏదైనా కళ్లతో చూసి రాయాలన్న పట్టుదల అప్పుడే ఉంది. ఆ చూపును కొత్త శాస్త్రాల మీదికి మళ్లించే గురువు మాత్రం దొరకలేదు.

గురువు లేకపోయినా హెచ్చరించిన వారు ఒకరున్నారు. అక్బర్ చక్రవర్తి పాలనా విధానాలను వివరించే ఆయినె అక్బరీ గ్రంథాన్ని సయ్యద్ అహ్మద్ ఎంతో శ్రమపడి పరిష్కరించారు. 1855 ప్రాంతంలో ముందుమాట కోసం మహాకవి మీర్జా గాలిబ్‌ను ఆశ్రయించారు. గాలిబ్ ఫారసీలో పద్యాలు రాసిచ్చారు గాని వాటిలో పొగడ్త లేదు. పాత కాలపు చట్టాలు తవ్వుకుంటూ కూర్చోవడమెందుకు, ఆవిరితో ఓడలు నడుపుతున్న ఇంగ్లీషువారిని చూడమని అందులో సలహా ఇచ్చారు. సయ్యద్ అహ్మద్ నొచ్చుకున్నారు. ఆ పద్యాలను పుస్తకంలో అచ్చు వేయలేదు. అయితే పదేళ్లు తిరగకుండానే గాలిబ్ చెప్పిన బాటనే ఆయన పట్టారు. ఆ మార్పు వెనుక 1857 ఉంది.

1857: గుర్రపు దాణా తిని బతికిన తల్లి

తిరుగుబాటు మొదలైనప్పుడు ఆయన బిజ్నౌరులో సదర్ అమీన్ ఉద్యోగంలో ఉన్నారు. అక్కడి ఇంగ్లీషు కుటుంబాల ప్రాణాలు కాపాడారు. ఢిల్లీలో మాత్రం ఆయన సొంత ఇల్లు మంటగలిసింది. ఇంగ్లీషు సైన్యం నగరాన్ని తిరిగి పట్టుకున్నాక ఆయన తల్లిని వెదుక్కుంటూ వెళ్లారు. ఒక పనిమనిషి ఇంట్లో తలదాచుకున్న ఆ వృద్ధురాలు గుర్రాల దాణా తిని రోజులు గడిపారు. తాగడానికి నీళ్లు కూడా లేవు. కొడుకు నీళ్లు తెచ్చి తాగించి, మీరట్‌కు తీసుకుపోయారు. కొద్ది రోజులకే ఆమె కన్నుమూశారు. ఆయన మేనమామ ఒకరు, ఆ మేనమామ కొడుకు సైనికుల చేతిలో ప్రాణాలు కోల్పోయారు.

ఒక దశలో దేశం వదిలి ఈజిప్టు వెళ్లిపోదామని ఆయన అనుకున్నారు. ప్రభుత్వానికి చేసిన సేవకు బహుమతిగా ఒక పెద్ద జమీను ఇవ్వజూపితే తీసుకోలేదు. తన జాతి ఇలా నలిగిపోతుంటే తానొక్కడూ సుఖపడటం తగదనుకున్నారు. దేశంలోనే ఉండిపోయారు. తిరుగుబాటుకు కారణాలను విశ్లేషిస్తూ 1858లో ఒక పుస్తకం రాసి, ప్రజల మాట వినని పాలకుల తప్పులను ప్రభుత్వం ముఖం మీదే చెప్పారు. ఉద్యోగంలో ఉన్న మనిషికి అప్పట్లో అది చిన్న సాహసం కాదు.

పాలకులతో ఆయన మెలిగిన తీరు మీద, తర్వాతి రాజకీయాల మీద, ముఖ్యంగా 1887 నుంచి కాంగ్రెసును వ్యతిరేకించడం మీద, నాడూ నేడూ వాదోపవాదాలు ఉన్నాయి. ఆ చర్చ ఇక్కడ మనకు అక్కర లేదు. మనం చూడవలసింది ఆయన చదువు కోసం చేసిన పని.

మొదటి ప్రయత్నం: శాస్త్రాన్ని ఇంటి భాషలోకి తేవడం

మురాదాబాద్‌లో 1859లో ఒక బడి పెట్టించారు. గాజీపూర్‌కు బదిలీ అయ్యాక అక్కడా ఒక బడి. అంతకంటే ముఖ్యమైనది 1864 జనవరి 9న గాజీపూర్‌లో మొదలైన సైంటిఫిక్ సొసైటీ. అదే సంవత్సరం ఆయనకు అలీగఢ్ బదిలీ కావడంతో సొసైటీ కూడా వెంట వచ్చింది.

ఆలోచన సూటిగా ఉంది. ఇంగ్లీషు రాని వాడికి సైన్సు అందడం లేదు. ఇంగ్లీషు నేర్చేదాకా ఆగాలంటే తరాలు గడిచిపోతాయి. కాబట్టి పుస్తకాలనే ఉర్దూలోకి తెద్దాం. బీజగణితం, రేఖాగణితం, విద్యుత్తు, కొత్త పద్ధతుల వ్యవసాయం, అర్థశాస్త్రం, చరిత్ర గ్రంథాలు ఈ విధంగా ఉర్దూలోకి వచ్చాయి. మున్షీ జకావుల్లా వంటి పండితులు గణిత గ్రంథాల అనువాదానికి పూనుకున్నారు. పరికరాలు ముందు పెట్టి సైన్సు ఉపన్యాసాలు ఇప్పించేవారు. సొసైటీ భూమిలో కొత్త వ్యవసాయ పనిముట్లతో సాగు చేసి చూపించేవారు. 1866లో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క ఉర్దూ అచ్చు వేస్తూ ఒక పత్రిక కూడా మొదలైంది.

ఈ సొసైటీలో ముస్లింలు, హిందువులు, ఇంగ్లీషువారు కలిసి పనిచేశారు. 1867లో సయ్యద్ అహ్మద్ బనారస్‌కు బదిలీ అయినప్పుడు సొసైటీ భారాన్ని భుజాన వేసుకున్నది ఆయన ప్రాణమిత్రుడు రాజా జైకిషన్ దాస్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

అనువాదాలతో పెద్దలలో కొంత కదలిక వచ్చిన మాట నిజమే. పిల్లల సంగతేమిటి? కలకత్తా యూనివర్సిటీ ఎంట్రెన్స్ పరీక్ష దాటితేనే కాలేజీ. ఆ పరీక్ష ఇంగ్లీషులో ఉండేది, అందులో లెక్కలు తప్పనిసరి. ఇంటి దగ్గర ఫారసీ, అరబీ చదువుకున్న ముస్లిం పిల్లవాడు ఎంత చురుకైన వాడైనా ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడు. కాలేజీ దాకా వెళ్లనివాడికి ఉద్యోగం కూడా లేదు. హంటర్ అనే ఇంగ్లీషు అధికారి 1871లో ఇచ్చిన లెక్క ప్రకారం బెంగాల్‌లో 2,111 గెజిటెడ్ ఉద్యోగాలు ఉంటే అందులో ముస్లింలు 92 మంది మాత్రమే.

లండన్‌లో కళ్లు తెరిపించిన దృశ్యం

ఆయన రెండవ కొడుకు సయ్యద్ మహమూద్‌కు ఇంగ్లండులో చదవడానికి ప్రభుత్వ స్కాలర్‌షిప్ వచ్చింది. 1869 ఏప్రిల్‌లో సయ్యద్ అహ్మద్ తన పుస్తకాలు అమ్మి, ఇల్లు తాకట్టు పెట్టి, ఇద్దరు కొడుకులతో ప్రయాణం కట్టారు. వయసు యాభై దాటింది. ఇంగ్లీషు సరిగా రాదు. అయినా ఫ్యాక్టరీలు, ఓడల రేవులు, బడులు, కేంబ్రిడ్జి కాలేజీలు ఓపికగా చూశారు.

అన్నిటికంటే ఆయనను కదిలించినది అక్కడి సామాన్యుల చదువు. ఇంటి పనిచేసే అమ్మాయి కూడా పత్రిక చదవడం చూసి ఆయన తన దేశాన్ని తలచుకుని బాధపడ్డారు. కేంబ్రిడ్జిలో మరో సంగతి గమనించారు. అక్కడి విద్యార్థులు తరగతి అయిపోగానే ఇళ్లకు పోరు. గురువులతో, తోటి వారితో ఒకే ఆవరణలో ఉంటారు, కలిసి తింటారు, ఆడతారు, వాదించుకుంటారు. ఇంట్లో చదువుకున్న వాళ్లు లేని పిల్లవాడికి ఆ ఆవరణే ఇల్లవుతుంది.

1870లో తిరిగి వచ్చేటప్పటికి ఆయన మనసులో నిర్ణయం కుదిరింది. పెద్దలకు అనువాదాలు పంచితే చాలదు. పిల్లలను చేతిలోకి తీసుకోవాలి. అది కూడా పసి తరగతుల నుంచి. కాలేజీకి ముందు బడి, బడికి తోడు హాస్టలు. ఆ ఏడాది డిసెంబరులో తహ్‌జీబుల్ అఖ్‌లాఖ్ పత్రిక మొదలుపెట్టారు. అదే నెలలో బనారస్‌లో ముస్లింల విద్యాభివృద్ధికి ఒక కమిటీ ఏర్పడింది. ముస్లిం పిల్లలు ప్రభుత్వ బడులకు ఎందుకు రావడం లేదో వ్యాసాలు రాయించి, కారణాలు వెదికి, ఆ తర్వాతే ప్రణాళిక వేశారు.

మద్రసతుల్ ఉలూమ్

1875 మే 24న అలీగఢ్‌లో మద్రసతుల్ ఉలూమ్ ప్రారంభమైంది. అప్పటికి సయ్యద్ అహ్మద్ ఇంకా బనారస్‌లో ఉద్యోగంలోనే ఉన్నారు. అలీగఢ్‌లో పనంతా చూసుకున్నది మౌల్వీ సమీవుల్లా ఖాన్. పాత కంటోన్మెంటు కవాతు మైదానంలో ప్రభుత్వం ఇచ్చిన సుమారు 74 ఎకరాల స్థలం, కొద్దిమంది పిల్లలు, కొద్దిమంది పంతుళ్లు. మొదలు అంతే. 1876లో సయ్యద్ అహ్మద్ పదవీ విరమణ చేసి అలీగఢ్‌లో స్థిరపడ్డారు. 1877 జనవరి 8న వైస్రాయ్ లిట్టన్ కాలేజీ భవనానికి శంకుస్థాపన చేశారు. అదే మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కాలేజీ. బడి పిల్లలు ఎదిగి ఎంట్రెన్స్ దాటేకొద్దీ పై తరగతులు వచ్చాయి. 1878లో కాలేజీ తరగతులు, 1881 నాటికి బి.ఏ.

వ్యతిరేకత మామూలుగా రాలేదు. ప్రకృతి నియమాలు, దైవవాక్కు ఒకదానికొకటి విరుద్ధం కావని ఆయన చెప్పిన మాటకు నేచరీ అని పేరు పెట్టి వెక్కిరించారు. కాఫిర్ అన్నారు. మక్కా నుంచి కూడా ఫత్వాలు తెప్పించారు. ఆయన మత వ్యాఖ్యానాలలో కొన్నిటిని ఆయన దగ్గరి స్నేహితులు కూడా ఒప్పుకోలేదు. ఇక్కడే ఆయన వివేకం చూడాలి. బడిలో తన వ్యాఖ్యానాలు చెప్పించలేదు. దీనీ పాఠాల బాధ్యతను సున్నీ పిల్లలకు సున్నీ పండితులకు, షియా పిల్లలకు షియా పండితులకు అప్పగించారు. మౌలానా ఖాసిం నానోతవీ అల్లుడు మౌలానా అబ్దుల్లా అన్సారీ ఆ విభాగానికి పెద్దగా వచ్చారు. తన అభిప్రాయం నెగ్గడం కంటే పిల్లలు బడికి రావడం ముఖ్యమని ఆయన గ్రహించారు. నమాజు, ఖుర్‌ఆన్ చదువు పోతాయేమోనని భయపడిన తల్లిదండ్రులు ఈ ఏర్పాటు చూసి నెమ్మదిగా ధైర్యం తెచ్చుకున్నారు.

బడి తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయి. ఈ కాలేజీ నుంచి మొదట పట్టభద్రుడైన విద్యార్థి ఈశ్వరీ ప్రసాద్ అనే హిందూ యువకుడు.

ఇక చందాల సంగతి. ఆయన సిగ్గు విడిచి చేయి చాచారు. పుస్తకాల దుకాణం పెట్టి అమ్మారు. లాటరీ నడిపారు. అలీగఢ్ నుమాయిష్‌లో నాటకశాల ఏర్పాటు చేసి, గడ్డం నెరిసిన వయసులో తానే వేదిక ఎక్కారు. ఇచ్చిన వారి పేర్లు గదుల మీద, గోడల మీద చెక్కించారు. మిత్రుల ఇళ్లలో పెళ్లి, పుట్టుక, ఏ శుభకార్యం జరిగినా ఆ విందు ఖర్చు కాలేజీకి ఇమ్మని అడిగేవారు. తన మనవడు రాస్ మసూద్ బిస్మిల్లా వేడుకను ఆడంబరంగా చేయకుండా విద్యా మహాసభలోనే జరిపించి, ఆ డబ్బు కాలేజీకి ఇచ్చారు. పసివాడు ఆ రోజు కూర్చున్నది రాజా జైకిషన్ దాస్ ఒడిలో.

పేద పిల్లల కోసం పిల్లలే

అన్ని ఏర్పాట్లు చేసినా ఒక సమస్య తీరలేదు. హాస్టలు ఖర్చు భరించలేని పేద పిల్లల గతేమిటి? సమాధానం విద్యార్థుల నుంచే వచ్చింది. 1890లో సాహిబ్‌జాదా ఆఫ్తాబ్ అహ్మద్ ఖాన్, మరికొందరు కలిసి అంజుమనుల్ ఫర్జ్ అనే సంఘం పెట్టారు. డ్యూటీ సొసైటీ అని కూడా దాన్ని పిలుస్తారు. సెలవుల్లో విద్యార్థులు ఊళ్లు తిరిగి, పేద తోటి విద్యార్థుల ఫీజుల కోసం చందాలు వసూలు చేసేవారు. నుమాయిష్‌లలో అంగళ్లు పెట్టి, వచ్చిన లాభాన్ని ఆ నిధిలో వేసేవారు. ముందు గుమ్మం దాటిన వాడు వెనక్కి తిరిగి వెనుక ఉన్నవాడికి చేయి అందించాలి అన్న నియమం మాటల్లో కాకుండా చేతల్లో నేర్చుకున్నారు.

ఆ బడి పండించిన పంటకు ఒక్క ఉదాహరణ చెబుతాం. మీరట్‌కు చెందిన జియావుద్దీన్ అహ్మద్ చిన్న వయసులోనే అలీగఢ్ బడిలో చేరాడు. లెక్కల్లో రాణించాడు. అక్కడి కాలేజీ నుంచి కేంబ్రిడ్జికి వెళ్లి, సర్ ఐజాక్ న్యూటన్ పేరిట ఇచ్చే స్కాలర్‌షిప్ పొందాడు. జర్మనీలోని గోటింగెన్‌లో పరిశోధన చేశాడు. తిరిగి వచ్చి అదే అలీగఢ్‌లో లెక్కలు చెప్పాడు, ఆ తర్వాత ఆ యూనివర్సిటీకే వైస్ ఛాన్సలర్ అయ్యాడు. భూమి కదలదని పుస్తకం రాసిన మనిషి కట్టిన బడిలో చదివిన పిల్లవాడు గ్రహ నక్షత్రాల గణితంలో న్యూటన్ పేరిట బహుమతి పొందాడు. మధ్యలో గడిచింది యాభై ఏళ్ల పైచిలుకు మాత్రమే.

హైదరాబాద్‌తో బంధం

అలీగఢ్ కథలో మన హైదరాబాద్ పాత్ర చిన్నది కాదు. దివాన్ మొదటి సాలార్ జంగ్ కాలం నుంచే కాలేజీకి ఇక్కడి నుంచి సహాయం అందింది. సర్ సయ్యద్ 1891లో స్వయంగా హైదరాబాద్ వచ్చి నిజాం ప్రభుత్వం నుంచి అదనపు గ్రాంటు సంపాదించారు. ఆయనకు కుడి ఎడమ భుజాలైన మొహ్‌సినుల్ ముల్క్, విఖారుల్ ముల్క్ ఇద్దరూ హైదరాబాద్ సంస్థానంలో పెద్ద ఉద్యోగాలు చేసినవారే. సర్ సయ్యద్ తర్వాత కాలేజీ కార్యదర్శులుగా ఒకరి తర్వాత ఒకరు దాన్ని నిలబెట్టినవారు కూడా వీరే.

ఇంకొక బంధం మరీ మధురమైనది. జైకిషన్ దాస్ ఒడిలో బిస్మిల్లా చదివిన ఆ మనవడు రాస్ మసూద్ పెద్దయ్యాక 1916 నుంచి 1928 వరకు హైదరాబాద్ సంస్థానంలో విద్యాశాఖకు అధిపతిగా ఉన్నాడు. 1918లో ఏర్పడిన ఉస్మానియా యూనివర్సిటీ వెనుక ఆయన కృషి ఉంది. అందులో సైన్సు, వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో చెప్పారు. ఆ పుస్తకాలు తయారు చేసిన అనువాద సంస్థ దారుల్ తర్జుమాకు మొదటి అధిపతి మౌల్వీ అబ్దుల్ హఖ్, అలీగఢ్‌లో చదివినవాడు. గాజీపూర్‌లో తాత వేసిన సైంటిఫిక్ సొసైటీ విత్తనం యాభై ఏళ్ల తర్వాత మనవడి చేతుల మీదుగా మూసీ ఒడ్డున మొలకెత్తింది.

దాచకూడని లోపాలు

పెద్దల జీవితాలు చెప్పేటప్పుడు లోపాలు దాచడం మనకు అలవాటు. అది వారికి గౌరవం కాదు, మనకు మేలూ కాదు.

ఆడపిల్లల చదువు విషయంలో సర్ సయ్యద్ వెనకాడారు. 1884లో పంజాబ్ పర్యటనలో గురుదాస్‌పూర్ స్త్రీలు ఆయనకు సన్మానపత్రం సమర్పించారు. ఆయన వారి పట్ల ఎంతో గౌరవం చూపారు గాని, ముందు మగపిల్లలు చదివితే ఆడపిల్లల చదువు దానంతట అదే వస్తుందని సమాధానమిచ్చారు. తొలి పాఠాలు తల్లి దగ్గర నేర్చుకున్న మనిషి ఇలా అనడం మనకు బాధ కలిగిస్తుంది. అది దానంతట అదే రాలేదు. అదే అలీగఢ్‌లో చదివిన షేక్ అబ్దుల్లా, ఆయన భార్య వహీద్ జహాన్ బేగం ఎన్నో మాటలు పడి 1906లో ఆడపిల్లల బడి తెరిస్తేగాని రాలేదు.

రెండవ లోపం, ఆయన దృష్టి ఎక్కువగా పరువు ప్రతిష్ఠలు ఉన్న కుటుంబాల పిల్లల మీదే నిలిచింది. నేతగాళ్ల పిల్లలు, కూలీల పిల్లలు ఆయన కాలేజీ దాకా రావడం అరుదు. ముందు పైవాళ్లు లేస్తే కిందివాళ్లను లేపుతారని ఆయన నమ్మకం. డ్యూటీ సొసైటీ కుర్రాళ్లు ఈ ఖాళీని కొంత పూడ్చారు. పూర్తిగా పూడ్చడం వారి వల్ల కాలేదు.

చివరి రోజులు

1888లో ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. ఆ తర్వాతి పదేళ్లు మాత్రం సుఖంగా గడవలేదు. 1895లో కాలేజీ గుమాస్తా ఒకడు లక్ష రూపాయలకు పైగా కాజేసిన సంగతి బయటపడింది. గడప గడపకూ తిరిగి పోగుచేసిన సొమ్ము అది. వృద్ధుడు కుంగిపోయారు. హైకోర్టు న్యాయమూర్తిగా పేరు తెచ్చుకున్న కొడుకు సయ్యద్ మహమూద్ పదవి వదులుకుని, తాగుడుకు లోనయ్యాడు. ఇంట్లో ఉండలేని పరిస్థితి వచ్చి సర్ సయ్యద్ చివరి రోజుల్లో ఒక మిత్రుని ఇంట తలదాచుకున్నారు. 1898 మార్చి 27న అక్కడే కన్నుమూశారు. ఇన్ని లక్షలు పోగుచేసిన చేతులు తమకంటూ ఏమీ మిగుల్చుకోలేదు. కాలేజీ మసీదు పక్కనే ఆయనను ఖననం చేశారు. 1920లో ఆ కాలేజీ అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ అయింది. అల్లాహ్ ఆయనను కరుణించుగాక.

ఆ గుమ్మం ఇంకా ఉంది

ఇది పాత కథ అనుకుని పక్కన పెట్టగలిగితే బాగుండేది. 2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక మనముందుంది. దేశంలోని పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదువుతున్న 25 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లిం అని అది తేల్చింది. ఆ కాలేజీల గుమ్మం దగ్గర ఎవరూ మన పిల్లల పేరు అడిగి తోసివేయరు. వాళ్లు అక్కడిదాకా రావడమే లేదు. ఎనిమిదో తరగతిలో లెక్కలంటే భయం పట్టుకుంటుంది. తొమ్మిదిలో మెకానిక్ షెడ్డులోనో దుకాణంలోనో పని దొరుకుతుంది. అమ్మాయికి పది పాసయ్యేసరికి సంబంధం వస్తుంది. ఇంజనీరింగ్, మెడికల్ ప్రవేశ పరీక్షల నాటికి ఆట ముగిసిపోయి ఉంటుంది. అప్పుడు సీటు రాలేదని ఎవరిని నిందించాలి?

సర్ సయ్యద్ జీవితం మనకు చెప్పేది ఇదే. కాలేజీ సీటు కాలేజీలో రాదు, బడిలో వస్తుంది. అబ్బాకు అమ్మీకి చదువు లేకపోయినా చదివే వాతావరణం ఉండాలి. ఇంట్లో లేకపోతే బయట కల్పించాలి. ఆయన హాస్టలు కట్టింది అందుకే. 2016 నుంచి తెలంగాణలో నడుస్తున్న మైనారిటీ గురుకులాల వెనుక ఉన్నదీ ఆ ఆలోచనే. వాటిలో ఆడపిల్లలకు కూడా చోటుంది. ఆయన వాయిదా వేసిన బాకీ ఆ మేరకు తీరుతోంది.

అన్నీ ప్రభుత్వమే చేయాలని కూర్చోవద్దని డ్యూటీ సొసైటీ కుర్రాళ్లు నేర్పుతున్నారు. మీ మొహల్లాలో బి.టెక్. చదివే అబ్బాయి ఉంటాడు, బి.ఎస్సీ. చదివిన అమ్మాయి ఉంటుంది. మగ్రిబ్ నమాజు తర్వాత గంటసేపు పక్కింటి పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్పమని వాళ్లను అడగండి. దావత్‌లో ఒక్క వంటకం తగ్గించి ఆ డబ్బుతో ఒక పేద పిల్లకు ఇంటర్ ఫీజు కట్టండి. ఆ అమ్మాయి ఎం.పి.సి. తీసుకుంటానంటే, ముందు మగపిల్లలు చదవనీ అని మాత్రం చెప్పకండి. ఆ పొరపాటు పెద్దవారు ఒకసారి చేశారు, చాలు.